సంతకం ఎవరు పెట్టిన్రు? భద్రాచలం సూదుల నుంచి హైటెక్స్ క్యూ దాకా

 పోస్టు పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి.

2021 జూన్ 6, ఆదివారం. మాదాపూర్ హైటెక్స్ బయట క్యూలో నిలబడి ఉన్నాను. ఒక ప్రైవేటు ఆస్పత్రి, సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి పెట్టిన టీకా కార్యక్రమం అది. ఒక్క రోజులో 40 వేల మందికి కోవిడ్ టీకా వేయడం వాళ్ల లక్ష్యం. ఏప్రిల్, మే నెలల్లో చూసిన చావులు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. ఆక్సిజన్ కోసం, బెడ్ల కోసం జనం తిరిగిన తిరుగుడు మర్చిపోలేదు. అందుకే క్యూలో అందరి మొహాల్లోనూ ఏదో గండం గట్టెక్కిన సంతోషం. మా టీం వాళ్లు సెల్ఫీలు దిగుతున్నారు. నేను ఇంటికి ఫోన్ చేశాను. మాది భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడెం.

అమ్మ అడిగిన మొదటి మాట: "కాయితం మీద సంతకం పెట్టమన్నరా బిడ్డా?"

"లేదమ్మా, ఫోన్‌కి ఓటీపీ వస్తది, అది చెప్తే చాలు" అన్నాను.

"నిన్ను అడగలేదంటే మరి ఎవరన్న పెట్టిన్రేమో చూసుకో. మన ఆడపిల్లలకు అట్లనే పెట్టిన్రు కదా."

పక్కనున్న స్నేహితుడికి చెబితే నవ్వాడు. "మీ ఊళ్లో ఇంకా భయపడుతున్నారా?" అన్నాడు. ఆ నెలల్లో పేపర్లలో, టీవీల్లో వచ్చింది కూడా ఇదే మాట. గిరిజనులు మూఢనమ్మకాలతో టీకా వద్దంటున్నారు, అవగాహన లేదు, చెట్ల మందులు నమ్ముకుంటున్నారు అని. అమ్మది మూఢనమ్మకం కాదు, జ్ఞాపకం. ఆ జ్ఞాపకానికి తేదీ ఉంది, మండలాల పేర్లున్నాయి, పార్లమెంటు నివేదిక కూడా ఉంది. మనలో చిన్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు ఎంచుకున్నారు: భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా మూడు డోసులు వేయడం మొదలుపెట్టారు. హెచ్‌పీవీ అనేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, మన దేశపు ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేశాయి. పాత్‌కు డబ్బు గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది. ఇక్కడ వాడింది మెర్క్ కంపెనీ గార్డాసిల్. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇదే పని ఇంకో కంపెనీ టీకాతో జరిగింది. ఖమ్మంలో దాదాపు 14 వేల మంది పిల్లలు, వడోదరలో పది వేలకు పైగా.

దీన్ని వాళ్లు ప్రయోగం అనలేదు. 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు' అన్నారు. టీకాకు అనుమతి ముందే వచ్చింది, స్కూళ్ల ద్వారా ఎలా వేయాలో మాత్రమే చూస్తున్నాం అని వాళ్ల వాదన. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ ఉన్నదంతా అందులోనే ఉంది. ప్రయోగమైతే ప్రతి తల్లిదండ్రులకూ కూర్చోబెట్టి చెప్పాలి, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి, తర్వాత పిల్లలకు ఏమైందో కనిపెట్టుకుని ఉండాలి. ప్రాజెక్టు అనేసరికి అవన్నీ పల్చబడిపోయాయి.

స్కూళ్లలో వేస్తే పిల్లలు ఒకేచోట దొరుకుతారు. మన దగ్గర స్కూలంటే చాలామందికి ఆశ్రమ పాఠశాల, హాస్టల్. అమ్మానాన్నలు గూడెంలో, పిల్ల హాస్టల్‌లో. మా పెద్దమ్మ కూతురు అప్పుడు ఏడో తరగతి, బాలికల ఆశ్రమ పాఠశాలలో చదివేది. ఆమెకు గుర్తున్నది ఇంతే: లైన్లో నిలబెట్టారు, క్యాన్సర్ రాకుండా సూది అన్నారు, బయట కొనాలంటే వేలల్లో అవుతుంది, మీకు ఉచితం, అదృష్టవంతులు అన్నారు. పెద్దమ్మకు తెలిసింది సంక్రాంతి సెలవులకు పిల్ల ఇంటికొచ్చాక.

మరి సమ్మతి పత్రం మీద సంతకం ఎవరిది? పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న ఇచ్చిన 72వ నివేదికలో ఈ లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

ఈ రెండో అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. వార్డెన్ అంటే మనకు తెలుసు. అన్నం పెట్టేది, కొట్టేది, సెలవు ఇచ్చేది, సెలవు ఇవ్వనిది ఆయనే. కానీ మన ఒంటి గురించి మన అమ్మకు బదులు ఆయన ఎప్పుడు మాట్లాడగలిగాడు? ఆ హక్కు ఆయనకు ఎవరిచ్చారు? పైనుంచి ఆర్డర్ వచ్చింది, పెట్టాడు. పాపం ఆయన్ని ఒక్కణ్ణి తిట్టి లాభం లేదు. ఐటీడీఏ హాస్టల్లో చదివినోళ్లందరికీ తెలుసు, అక్కడ పిల్లల తరఫున సంతకాలు ఎంత తేలిగ్గా అయిపోతాయో.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్లు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. కడుపునొప్పి, తలనొప్పి, నెలసరిలో తేడాలు వచ్చాయని పిల్లలు చెప్పారు. అప్పటికే కొందరు పిల్లలు చనిపోయిన వార్తలు బయటికొచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. గొడవ పెద్దదయ్యింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఎందుకంటే ఇక్కడి నుంచే రెండు వైపులా అబద్ధాలు మొదలవుతాయి.

ఆ ఏడుగురి చావులకు కారణాలు బయటికొచ్చాయి. ఒక పిల్ల నీళ్లలో మునిగిపోయింది. ఒకరిది పాముకాటు. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరిది మలేరియా. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేదు: ఒకరిది ఏదో తెలియని జ్వరం, ఒకరిది మెదడులో రక్తస్రావం కావచ్చునన్నారు. ఈ చావులకు టీకాకు సంబంధం లేకపోవచ్చుననే 2011లో విచారణ కమిటీ తేల్చింది. అదే కమిటీ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా చెప్పింది. అంటే మన పిల్లల్ని సూది చంపిందనడానికి ఆధారం దొరకలేదు. మన పిల్లల్ని అడగకుండా సూది వేశారనడానికి మాత్రం కాగితాలున్నాయి.

ఆ లిస్టు ఇంకోసారి చూడండి. నీళ్లు, పాము, పురుగుమందు, మలేరియా, పేరు తెలియని జ్వరం. ఇవి మన ఏజెన్సీలో ఎప్పుడూ ఉన్న చావులే. వానాకాలం వస్తే జ్వరాలు, మంచం మీద మోసుకుపోవడం, దారిలోనే ప్రాణం పోవడం. మామూలు రోజుల్లో వీటి మీద విచారణ ఉండదు. ఒక విదేశీ టీకా మధ్యలో ఉంది కాబట్టి, ఆ ఒక్కసారి మన పిల్లలు ఎందుకు చనిపోయారో ఢిల్లీ అడిగింది.

2021కి వచ్చేసరికి ఈ కథ వాట్సాప్‌లో వేరే రూపం ఎత్తింది. గేట్స్ భారతదేశంలో గిరిజన బాలికల్ని టీకాతో చంపాడు, ఇప్పుడు కోవిడ్ టీకాతో మనల్ని చంపబోతున్నాడు అని. హైటెక్ సిటీలో ఇంజనీర్లు కూడా దాన్ని ఫార్వర్డ్ చేశారు, నా ఫోన్‌కే నాలుగైదుసార్లు వచ్చింది. భద్రాచలం ఎక్కడుందో వాళ్లకు తెలీదు. మన పిల్లల చావు వాళ్ల వాదనకు పనికొచ్చింది, అంతే. అసలు తప్పు, అంటే ఆ 2,763 సంతకాలు, ఆ మెసేజ్‌లలో ఎక్కడా లేవు.

ఇంకో సంగతి. గచ్చిబౌలి, మాదాపూర్ అంటే మనకు సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది. సైబర్ టవర్స్ వచ్చింది 1998లో. అంతకు చాలా ముందే, 1980ల మొదట్లో, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ గచ్చిబౌలిలో పశువుల టీకాల ఫ్యాక్టరీ పెట్టింది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అంటే అదే. గూడేల్లో, తండాల్లో గొడ్లకు గాలికుంటు సూదులు వేసేటప్పుడు ఆ సీసా ఎక్కణ్ణుంచి వచ్చిందో మనం అడగలేదు, అది వేరే సంగతి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా తెచ్చింది. తర్వాత నగరానికి ఉత్తరాన జీనోమ్ వ్యాలీ, అందులో భారత్ బయోటెక్. ప్రపంచానికి టీకాలు చేసే ఊరు పక్కనే మనం ఉద్యోగాలు చేస్తున్నాం.

కోవాగ్జిన్ ఆ భారత్ బయోటెక్‌దే, ఐసీఎంఆర్‌తో కలిసి. అవును, ఖమ్మంలో ఉన్న అదే ఐసీఎంఆర్. మూడో దశ పరీక్షల ఫలితాలు చేతికి రాకముందే 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి ఇచ్చారు. 'క్లినికల్ ట్రయల్ మోడ్'లో అనే షరతు పెట్టారు. శాస్త్రవేత్తలే రెండుగా చీలిపోయి వాదించుకున్నారు. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు కోవిషీల్డ్ తీసుకునేవాళ్లకు సమ్మతి పత్రం లేదు, కోవాగ్జిన్ తీసుకునేవాళ్లు మాత్రం సంతకం పెట్టాలి. మార్చిలో మధ్యంతర ఫలితాలు వచ్చాక ఆ షరతు ఎత్తేశారు. అదే జనవరిలో భోపాల్ నుంచి ఇంకో వార్త వచ్చింది. గ్యాస్ బాధితుల బస్తీల్లో పేదలకు 750 రూపాయలు ఇచ్చి, ఇది ప్రయోగమని సరిగా చెప్పకుండానే మూడో దశ పరీక్షల్లో చేర్చుకున్నారని వాళ్లే ఆరోపించారు. నిర్వాహకులు కాదన్నారు. నిజానిజాలు అటుంచి, అమ్మ ప్రశ్న భోపాల్ దాకా సరిపోయింది.

చివరకు టీకా పనిచేసింది. ఆ ఏడు జూలైలో వచ్చిన తుది ఫలితాల్లో కోవాగ్జిన్ సామర్థ్యం 77.8 శాతం, నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా ఇచ్చింది. వేయించుకున్నందుకు నాకు విచారం లేదు. నా బాధంతా దాని చుట్టూ జరిగిన దాని గురించి.

హైటెక్స్ కార్యక్రమం జరిగిన రెండు రోజులకు కేంద్రం ప్రైవేటు ఆస్పత్రులకు గరిష్ఠ ధర పెట్టింది: కోవిషీల్డ్ 780, కోవాగ్జిన్ 1,410. ఆ ఏడు మన ఉపాధి హామీ కూలి రోజుకు 245. ఒక సూది అంటే దాదాపు ఆరు రోజుల మట్టి పని. మా కంపెనీ నా డబ్బు కట్టింది. అక్కడే గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ అన్న, మా హాస్టల్‌లో వంటచేసే అక్క కట్టుకోవాలి, లేకపోతే సర్కారు దవాఖానలో వంతు కోసం చూడాలి. కోవిన్‌లో పేరు నమోదు చేద్దామంటే జూన్ మొదట్లో గానీ తెలుగు రాలేదు. జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ కేంద్రమే ఉచితంగా ఇస్తామనేసరికి మా ఇళ్లల్లో సగం మందికి జ్వరం వచ్చి పోయింది కూడా. పరీక్ష లేదు కాబట్టి అది ఏ లెక్కలోనూ లేదు.

మే నెలలో వచ్చిన ఒక వార్త మీలో చాలామందికి గుర్తుండి ఉంటుంది. నల్గొండ జిల్లాలో ఒక తండా, 18 ఏళ్ల పిల్లాడు. పాజిటివ్ వచ్చింది. ఒకటే గది ఇల్లు. అమ్మానాన్నలకు అంటకూడదని చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు ఉన్నాడు. దేశమంతా ఆ ఫొటో చూసి మెచ్చుకుంది. నాకైతే ఇంట్లో రెండో గది ఉంటే ఆ ఫొటో ఉండేదే కాదు అనిపించింది. గచ్చిబౌలిలో క్రీడాకారుల కోసం కట్టిన టవర్‌ను 2020లోనే కోవిడ్ ఆస్పత్రిగా మార్చారు. తండాకు మాత్రం చెట్టే ఐసోలేషన్ సెంటర్ అయింది.

ఖమ్మం గొడవ వల్ల ఇంకొకటి జరిగింది. నాకు మూడేళ్ల కింద తెలిసి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. 2010 ఏప్రిల్‌లో మన దగ్గర ఆపినప్పుడే, దేశంలో వేరే చోట్ల జరుగుతున్న ఇంకో హెచ్‌పీవీ అధ్యయనాన్ని కూడా ఆపేయమన్నారు. దానికీ ఖమ్మానికీ సంబంధం లేదు. అందులో రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని చూస్తున్నారు. మధ్యలో ఆగేసరికి దాదాపు ఐదు వేల మంది ఆడపిల్లలకు ఒక్క డోసే పడింది. వాళ్లను ఏళ్ల తరబడి పరిశీలిస్తే ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని తేలింది. ఆ ఫలితాలు ప్రచురించింది 2021లో, మనం కోవిడ్ టీకా గురించి కొట్టుకుంటున్న ఏడాదే. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలునని చెప్పింది. పేద దేశాలకు ఖర్చు తగ్గే దారి దొరికింది. భద్రాచలం తల్లుల కోపం ఎటునుంచి ఎటో పోయి అక్కడ పనికొచ్చింది.

కోర్టులో కూడా అంతే. ఈ పిల్లల కోసం వేసిన పిటిషన్ల మీదే, పార్లమెంటు సంఘాల నివేదికల్ని కోర్టులు చూడవచ్చా అనే ప్రశ్న వచ్చి, 2018 మే 9న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చూడవచ్చని తీర్పు చెప్పింది. లా చదివే తమ్ముళ్లు కల్పనా మెహతా కేసు అని చదువుతారు. అందులో ఉన్నది మన హాస్టల్ పిల్లలని మాస్టార్లు చెప్తారో లేదో.

ఇప్పుడు ఆ టీకా మళ్లీ ముందుకొస్తోంది. 2022లో మన దేశంలోనే తయారైన హెచ్‌పీవీ టీకాకు అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు దీన్ని ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి చెప్పారు. అవసరం లేదని నేను అనను. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే లక్షా 23 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, 77 వేల మంది చనిపోయారు. ఆలస్యంగా ఆస్పత్రికి పోయేది ఎవరు? మన అమ్మలే. ఈ టీకా అందరికంటే ముందు అందాల్సింది మన పిల్లలకే.

మా పెద్దమ్మ కూతురు ఆరోగ్యంగా ఉంది. ఇద్దరు పిల్లలు, పెద్దది ఆడపిల్ల, ఏడేళ్లు. మొన్న పండక్కి పోయినప్పుడు ఈ టీకా వేయించాలా వద్దా అని అడిగింది. వేయించమన్నాను. సరే అంది. "కానీ ఈసారి కాయితం ఇంటికి రావాలె అన్నా. నేను చదువుకోవాలె. ఏం వస్తదో, ఏమన్నయితే ఎవర్ని అడగాలో అందులో ఉండాలె. సంతకం నేనే పెడత."

అమ్మ పక్కనే కూర్చుని ఇప్పపూలు చెరుగుతోంది. "తెలుగులో ఉండాలె అని కూడ చెప్పు" అంది.