మాషప్ సంగీతం: పుట్టుక, పేర్ల చరిత్ర

1. పరిచయం

ఒక పాటలోని గాత్రాన్ని మరొక పాటలోని వాద్య సంగీతంతో జోడించి మూడో పాటను తయారుచేయడాన్ని మాషప్ అంటారు. ఇందులో కొత్తగా ఎవరూ పాడరు, వాయించరు. ఉన్న రికార్డులనే కలుపుతారు. 2000–2004 సంవత్సరాల మధ్య ఈ ప్రక్రియ ఇంటర్నెట్ ద్వారా విస్తృతంగా వ్యాపించింది. ఆ కొద్ది కాలంలోనే బూట్‌లెగ్, బాస్టర్డ్ పాప్, మాషప్ అనే మూడు పేర్లు వాడుకలోకి వచ్చాయి. ఒక కళకు పెట్టిన పేరును బట్టి ఆనాటి సమాజం దాన్ని ఎలా చూసిందో తెలుస్తుంది. కాబట్టి ఈ పేర్లనే చారిత్రక ఆధారాలుగా తీసుకొని మాషప్ చరిత్రను పరిశీలిద్దాం.

2. ఇంటర్నెట్‌కు ముందు

రికార్డులను ముక్కలు చేసి అతికించడం ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. 1956లో అమెరికాలో బిల్ బుకానన్, డికీ గుడ్‌మన్ 'ది ఫ్లయింగ్ సాసర్' అనే హాస్య రికార్డును విడుదల చేశారు. ఎగిరే పళ్లాలు భూమి మీద దిగాయంటూ సాగే ఉత్తుత్తి వార్తా ప్రసారం అది. విలేకరి అడిగే ప్రశ్నలకు ఆనాటి హిట్ పాటల ముక్కలే జవాబులు. రికార్డు బాగా అమ్ముడుపోయింది. పాటల హక్కుదారులు కోర్టుకు వెళ్లారు.

కెనడా స్వరకర్త జాన్ ఆస్వాల్డ్ 1985లో రాసిన వ్యాసంలో ఇలాంటి సంగీతాన్ని 'ప్లండర్‌ఫోనిక్స్' అన్నాడు. 'ప్లండర్' అంటే దోపిడీ. 1989లో తన సీడీని అమ్మకుండా ఉచితంగా పంచాడు. మైకేల్ జాక్సన్ తరఫున కెనడా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒత్తిడి తేవడంతో మిగిలిన ప్రతులను ధ్వంసం చేయవలసి వచ్చింది. పేరులోనే దోపిడీని ఒప్పుకున్నా, ఉచితంగా పంచినా, చట్టం దృష్టిలో తేడా రాలేదు.

3. సాంకేతిక మార్పు

రెండు పాటలు కలవాలంటే వాటి లయ, శ్రుతి రెండూ పొసగాలి. పాత పద్ధతిలో రికార్డును వేగంగా తిప్పితే లయతో పాటు శ్రుతి కూడా పెరిగిపోయేది. 1990ల చివరకు ఇంటి కంప్యూటర్లలో పనిచేసే సాఫ్ట్‌వేర్లు శ్రుతి మారకుండా వేగాన్ని మార్చగలిగాయి. 1998లో వచ్చిన 'యాసిడ్' ఇలాంటిదే. 1999లో మొదలైన నాప్‌స్టర్ ద్వారా పాటల ఎంపీ3 ఫైళ్లు ఇంటింటికీ చేరాయి. డీజేల కోసం కంపెనీలు విడుదల చేసిన గాత్రం మాత్రమే ఉన్న ట్రాకులు కూడా వీటిలో దొరికేవి. స్టూడియో అవసరం లేకుండా పోయింది.

4. బూట్‌లెగ్, బాస్టర్డ్ పాప్

2001లో బ్రిటన్‌కు చెందిన 'ఫ్రీలాన్స్ హెల్‌రైజర్' అనే డీజే, క్రిస్టినా అగిలేరా గాత్రాన్ని 'ది స్ట్రోక్స్' రాక్ బృందం వాద్యంతో కలిపాడు. ఒకటి అమ్మాయిల పాప్ పాట, మరొకటి గిటార్ల రాక్ పాట. రెండు శ్రోతృవర్గాలూ ఒకదాన్నొకటి చిన్నచూపు చూసేవే. అయినా రెండూ చక్కగా కుదిరాయి.

ఇలాంటి వాటిని మొదట 'బూట్‌లెగ్' అన్నారు. బూటులో దాచి రవాణా చేసిన దొంగసారాకు వచ్చిన పేరు అది. తరువాత అనుమతి లేని రికార్డులకు వర్తించింది. 'బాస్టర్డ్ పాప్' అనే మాట అక్రమ సంతానాన్ని సూచించే తిట్టు నుంచి వచ్చింది. మొదటి పేరు సరుకు దొంగదని, రెండోది పుట్టుకే అక్రమమని చెబుతున్నాయి. రెండూ పాట ఎలా ఉందో చెప్పవు, దాని చట్టపరమైన స్థితిని మాత్రమే చెబుతాయి.

ఆ స్థితిని దాటడానికి ఒక దారి కనిపించింది. రిచర్డ్ ఎక్స్ అనే నిర్మాత అడినా హవర్డ్ పాటను గ్యారీ న్యూమన్ బృందం వాద్యంతో కలిపాడు. అసలు గాత్రానికి అనుమతి రాలేదు. దాంతో షుగాబేబ్స్ బృందం ఆ పాటను మళ్లీ పాడింది. 2002లో అది బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. పాట రచనపై హక్కు వేరు, దాని రికార్డింగ్‌పై హక్కు వేరు అని విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

5. 2004: ఒకే గొంతు, రెండు తీర్పులు

జే-జీ 'ది బ్లాక్ ఆల్బమ్' 2003లో వచ్చింది. దాని గాత్రాన్ని మాత్రమే విడిగా కూడా విడుదల చేశారు. డేంజర్ మౌస్ అనే నిర్మాత ఆ గాత్రాన్ని, బీటిల్స్ బృందం 1968 నాటి 'వైట్ ఆల్బమ్' వాద్యంతో కలిపి 2004లో 'ది గ్రే ఆల్బమ్' రూపొందించాడు. నలుపు, తెలుపు కలిస్తే బూడిదరంగు. బీటిల్స్ రికార్డింగుల హక్కులున్న ఈఎంఐ పంపిణీ ఆపమని నోటీసు ఇచ్చింది. దీనికి నిరసనగా 2004 ఫిబ్రవరి 24న సుమారు 170 వెబ్‌సైట్లు ఆ ఆల్బమ్‌ను ఉచితంగా అందించాయి. ఆ రోజుకు 'గ్రే ట్యూస్‌డే' అని పేరు వచ్చింది.

అదే ఏడాది నవంబరులో జే-జీ, లింకిన్ పార్క్ కలిసి 'కొలిజన్ కోర్స్' విడుదల చేశారు. దాని అట్ట మీద ఎంటీవీ 'అల్టిమేట్ మాషప్స్' అని ముద్రించారు. అందులోని 'నంబ్/ఎన్‌కోర్' పాటకు 2006లో గ్రామీ అవార్డు వచ్చింది. గాయకుడు ఒకడే, పద్ధతీ దాదాపు ఒకటే. ఒకదానికి నోటీసు, మరొకదానికి అవార్డు. తేడా అనుమతిలో ఉంది.

6. పేరు నిలబడిన తీరు

'మాషప్' కొత్తగా పుట్టిన మాట కాదు. 1859 నాటి 'ది ఆక్టొరూన్' నాటకంలో భాషల కలగలుపు అనే అర్థంలో అది కనిపిస్తుంది. జమైకా ఇంగ్లీషులో 'మాష్ అప్' అంటే పగలగొట్టడం. ఈ మాటలో దొంగతనం ప్రస్తావన లేదు, పని జరిగే పద్ధతే ఉంది. అందుకే కంపెనీలు తమ సరుకు మీద వేసుకోవడానికి దీనికి అభ్యంతరం లేకపోయింది. 2005లో అద్దె ఇళ్ల ప్రకటనలను గూగుల్ మ్యాప్స్‌తో కలిపిన 'హౌసింగ్‌మ్యాప్స్' వంటి వెబ్‌సైట్లను కూడా మాషప్‌లు అన్నారు. నేడు తెలుగు సినీ నటుల పుట్టినరోజుకు అభిమానులు కూర్చే వీడియోలకు కూడా ఇదే పేరు.

7. సారాంశం

నేరాన్ని సూచించే పేర్లు పోయి, పద్ధతిని సూచించే పేరు మిగిలింది. అయితే పేరు మారినంత మాత్రాన హక్కులు మారలేదు. అనుమతి కొనగలిగిన కంపెనీకి మాషప్ వ్యాపారమైంది. కొనలేని ఇంటి కళాకారుడికి అది ఇప్పటికీ బూట్‌లెగ్గే. గౌరవప్రదమైన పేరు దొరకగానే ఒక కళకు న్యాయం జరిగిందని చరిత్ర విద్యార్థి అనుకోకూడదు. ఆ పేరు వల్ల ఎవరికి మేలు జరిగిందో కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'బూట్‌లెగ్', 'మాషప్' అనే పేర్ల మధ్య దృష్టి భేదాన్ని వివరించండి.
2. 'ది గ్రే ఆల్బమ్', 'కొలిజన్ కోర్స్'లను పోల్చి చర్చించండి.