చుట్టపు పేరిట ప్రకటన

సరకు నమ్మువాడు తన సరకును తానే పొగడుకొనుట లోకమునకు క్రొత్త గాదు. మన సంతలోని గాజులసెట్టి చేయునదియు నదియే. వినువాడు ఆ పొగడ్తలో సగము త్రోసివేసి, తక్కిన సగమును నమ్మును. ఆ మాటయే మేనమామ చెప్పెనేని త్రోసివేత యుండదు. ఈ భేదమును వర్తకులు ఏనాడో కనిపెట్టిరి. ఆ మేనమామ మాటను సంపాదించుటకు వారు పడిన పాట్లే ప్రకటనల చరిత్రయని నా యభిప్రాయము.

మనవారిలో దీని మర్మ మెఱిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు కృష్ణామండలమందలి యెలకుఱ్ఱున 1867లో జన్మించి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును నెలకొల్పిరి. ఆ మందును సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టించిరని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినవాడు ఇంటికి పోయి పొరుగువానితో చెప్పును. ఆ చెప్పుటకు వానికి కూలి లేదు, నిర్బంధము లేదు. 1908లో వారు బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి; 1914లో నది మదరాసున దినపత్రిక యయ్యెను. అంజనపు లాభము అక్షరమునకు ఉపకరించిన ఆ ముచ్చట వేఱొక ప్రసంగమునకు తగినది, ఇప్పుడు విడిచెదను.

పత్రికలో ప్రకటనకు గీతలు గీచిన గడి యుండును. అది పైకమిచ్చి కొన్న చోటని చదువరికి తెలియును. ఆ గడి చెరగిపోయినది సెల్‌ఫోను కాలమున.

2004లో అమెరికాలో హార్వర్డు విద్యార్థులు ఫేస్‌బుక్ నారంభించిరి. మిత్రులును బంధువులును కబుర్లు, చిత్రములు పంచుకొను రచ్చబండ యది. కూర్చున్నవానికి రుసుము లేదు. రాబడి దాదాపుగా నంతయు ప్రకటనలవలననే. 2007 నవంబరులో వారు బీకన్ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఒకడు ఇంటర్నెట్టులో వేఱొక యంగడియందు వస్తువు కొన్నచో ఆ వార్త వాని మిత్రులకు చేరును. ఒక గృహస్థు భార్యకు తెలియకుండ కానుక యీయదలచి యుంగరము కొనెను. ఆ సంగతి మిత్రులతోపాటు భార్యకును ముందే తెలిసిపోయెను! జనులు గగ్గోలుపెట్టగా డిసెంబరులోనే సంస్థాధిపతి క్షమాపణ చెప్పెను. వ్యాజ్యము 95 లక్షల డాలర్లకు రాజీపడెను. 2009లో బీకన్ మూతపడెను.

అంతటితో బుద్ధి వచ్చెనా? 2011లో మరల, ఒకడు ఏదేని సరకు నచ్చెనని మీట నొక్కినచో, వాని పేరును ముఖచిత్రమును ఆ సరకు ప్రకటనలో చేర్చి మిత్రులకు చూపసాగిరి. మన మెఱుగకుండ పరుల ప్రామిసరీ నోటుపై మన సాక్షిసంతకము పడినట్లే గదా! కాలిఫోర్నియాలో దావా పడెను. 2013లో 2 కోట్ల డాలర్ల రాజీని న్యాయస్థాన మామోదించెను. మఱుసటి యేట ఆ పద్ధతి నిలిచిపోయెను. పంతులుగారు మందిచ్చి మాటను పొందిరి. వీరు అడుగకయే పేరును తీసికొనిరి.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము తప్పుదారిపట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయలవఱకు, మరల చేసినచో 50 లక్షలవఱకు దండనము విధింప వీలు కల్పించినది. పైకమో కానుకయో పుచ్చుకొని సరకును పొగడువాడు అది ప్రకటనయని స్పష్టముగా చెప్పవలెనని 2023 జనవరిలో ప్రభుత్వము నియమములు వెలువరించినది. ఆ గీతల గడిని మరల గీయ యత్నించుటయే యిది.

మొన్న నా మనుమడు మోకాలినొప్పికి తైలమొకటి దివ్యముగా నున్నదని ఫోనునకు పంపెను. నీవు వాడితివా యని యడిగితిని. లేదనెను. ఎవరు వాడిరని యడిగితిని. మిత్రుడు పంపెననెను. ఆ మిత్రుని కెవరు పంపిరో కనుగొని చెప్పుమంటిని, ఇంకను చెప్పలేదు.