మౌసును గవాక్షములును

1964వ సంవత్సరమున అమెరికాలో డగ్లస్ ఎంగెల్బార్ట్ ఊహింపగా బిల్ ఇంగ్లీష్ కొయ్యతో మౌసును నిర్మించెను. పేరు ఎలుకయే గాని విఘ్నేశ్వరునితో దీనికి చుట్టఱికము లేదు. 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఎక్స్ అను గవాక్షవ్యవస్థ వెలసెను. గవాక్షముల నడవడిని దాని నిర్మాతలు శాసింపక వేఱు ప్రోగ్రామునకు విడిచిరి. ఆ స్వాతంత్ర్యమే 1991లో పుట్టిన లినక్సునకు దక్కెను.

తెఱపై పెక్కు గవాక్షములున్నచో మనము వ్రాయు నక్షరము దేనికి జెందవలెను? మౌసుతో నొక్కిన దానికే యని యొక మతము. సూచిక నిలిచిన దానికే యని రెండవది. మూడవదానియందు సూచిక ఖాళీచోటికి జాఱినను కడపటి గవాక్షమే యక్షరముల నందుకొనును. కోరినదానిని మనమే యేర్పఱచుకొనవచ్చును. వ్రేళ్లు నొచ్చు నాబోటి వృద్ధునకు నొక్కెడు శ్రమ తప్పును గాన మూడవదియే మేలు. ఎడమచేతివారు బొత్తాములను తాఱుమాఱు చేసికొనవచ్చును. కుడిచేతనే వ్రాయుమని బాలురను బెత్తముతో గొట్టిన కాలము నేనెఱుఁగుదును.