ద్రోహం చేసే హక్కు

2021 జనవరి 6న అమెరికా కాపిటల్ మీదికి వెళ్లినవాళ్లు '1776' అని అరిచారు. ఎవరు దేశభక్తులు, ఎవరు ద్రోహులు అన్న తగువు ఆ యుద్ధం నాటిదే. అందులో భార్యలు ఎటువైపు?

1778లో బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా విడిచినప్పుడు రాజభక్తుడు జోసెఫ్ గాలోవే కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి కోసం గ్రేస్ గాలోవే ఆగిపోయింది. పెళ్లితోనే దానిమీద పెత్తనం భర్తది అయింది కదా, అతని ద్రోహానికి అదీ జప్తయింది. చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ దగ్గరుండి ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. ఒంటరితనాన్నీ కోపాన్నీ డైరీలో రాసుకుంది. కూతుర్ని మళ్లీ చూడకుండానే 1782లో చనిపోయింది.

1805లో మసాచుసెట్స్ కోర్టు మరో రాజభక్తుడి భార్య ఆనా మార్టిన్ ఆస్తిని ఆమె కొడుక్కి తిరిగి ఇప్పించింది. కారణం చూడండి: భర్త వెంట వెళ్లిన భార్యది ద్రోహం కాదట! ద్రోహం చేసేపాటి సొంత బుద్ధి కూడా ఆమెకు లేదన్నమాట. గ్రేస్ ఓటమికన్నా ఈ గెలుపే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

1907 చట్టంతో, విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోయేది. 1922లో సడలించారు. కానీ భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు తేల్చడంతో, మనవాళ్లని చేసుకున్న స్త్రీలకు 1931 దాకా ఆ సడలింపు అందలేదు.