తులసీదాస్ బలరామ్: అమ్ముగూడ నుంచి ఆసియా గోల్డ్ దాకా.. ఇద్దరికి పద్మశ్రీ, మూడో వ్యక్తికి మాత్రం అందలేదు!

చునీ గోస్వామి, పీకే బెనర్జీ, తులసీదాస్ బలరామ్. భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగం అనగానే ఈ మూడు పేర్లు కలిపే వినిపిస్తాయి. వీళ్లలో బలరామ్ మన దగ్గరి వ్యక్తే. 1936లో సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పుట్టారు. కీసర, నాచారం, ఉప్పల్ వాళ్లకు అమ్ముగూడ అంటే పక్క ఊరు కిందే లెక్క. అయినా ఆయన పేరు కోల్‌కతాలో తెలిసినంతగా ఇక్కడ తెలీదు.

సైకిల్ అద్దె ఇచ్చిన కోచ్

బలరామ్‌ది పేద కుటుంబం. కంటోన్మెంట్ పక్క మైదానాల్లో ఆడుతున్న ఈ కుర్రాడిని గుర్తించింది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, ఆ తర్వాత భారత జట్టుకు ఆయనే కోచ్. అమ్ముగూడ నుంచి సిటీకి ప్రాక్టీస్‌కు రావాలంటే బలరామ్ దగ్గర చార్జీలకు కూడా డబ్బుల్లేవు. దాంతో సైకిల్ అద్దెకు రహీమే డబ్బులిచ్చేవారు. సంతోష్ ట్రోఫీలో బలరామ్ హైదరాబాద్ తరఫున ఆడారు. అప్పట్లో ఆ జట్టంటే దేశమంతా భయపడేది.

ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో బలరామ్‌కు చోటు దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4తో ఓడిపోయింది. ఇవాళ మోడ్రిచ్ ఆడుతున్న క్రొయేషియా అప్పట్లో ఆ యుగోస్లావియాలోనే భాగం. చివరికి భారత్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

1957లో బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు. ఎక్కువగా ఎడమవైపు నుంచి దూసుకెళ్లి గోల్స్ కొట్టడం, కొట్టించడం ఆయన ప్రత్యేకత. 1961లో ఆయన కెప్టెన్సీలోనే ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది.

రోమ్‌లో రెండు గోల్స్

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనది గట్టి గ్రూప్. హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో తలపడాల్సి వచ్చింది. హంగేరీపై 1-2తో ఓడినా మన ఒక్క గోల్ బలరామ్‌దే. ఆ హంగేరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నారు. ఆయనే 1967లో బాలన్ డి'ఓర్ గెలిచారు. ఫ్రాన్స్‌తో మ్యాచ్ 1-1తో డ్రా అయింది. పెరూపై 1-3తో ఓడిన మ్యాచ్‌లోనూ గోల్ కొట్టింది బలరామే. అంటే ఆ టోర్నీలో భారత్ చేసిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడ కుర్రాడివే!

జకార్తాలో గోల్డ్

1962 ఆసియా క్రీడల్లో గ్రూప్ దశలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లపై గెలిచి భారత్ నిలబడింది. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ బలరామ్ గోల్ కొట్టారు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియానే. స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడంపై మన ప్రతినిధి జీడీ సోంధీ అభ్యంతరం చెప్పడమే వాళ్ల కోపానికి కారణం. అయినా పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో భారత్ 2-1తో గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో గోల్డ్ రాలేదు.

27 ఏళ్లకే ఎండ్

అదే ఏడాది బలరామ్‌కు అర్జున అవార్డు వచ్చింది. కానీ ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. 1963 జూన్‌లో గురువు రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అదే సంవత్సరం ఊపిరితిత్తుల పొరకు వచ్చే ప్లూరసీ జబ్బు బలరామ్‌ను మైదానం నుంచి బయటికి లాగేసింది. అప్పటికి ఆయన వయసు 27 దాటలేదు. రైల్వే ఉద్యోగంతో బెంగాల్‌లోనే స్థిరపడి, హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాలో ఉండిపోయారు.

ముగ్గురిలో చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ దక్కింది. బలరామ్‌కు మాత్రం రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు, చాలాసార్లు బయటపెట్టారు. అవార్డులు ఇచ్చేవాళ్లు చూసింది పదేళ్లు కూడా లేని కెరీర్‌ను అనుకోవాలా? అలాగైతే ఆ కొద్ది ఏళ్లలోనే రెండు ఒలింపిక్స్, ఒక ఆసియా గోల్డ్ ఉన్నాయి.

2020లో నెలన్నర తేడాతో పీకే, చునీ ఇద్దరూ వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరామ్ కూడా కన్నుమూశారు. మరుసటి ఏడాది రహీమ్ జీవితంపై అజయ్ దేవగణ్ హీరోగా 'మైదాన్' సినిమా వచ్చింది. అందులో బలరామ్ పాత్ర కూడా ఉంది. దాన్ని చూడటానికి బలరామ్ లేరు.