రిజిస్టర్‌లో లేని గడి

1897లో కన్యాశుల్కం మొదటి కూర్పు అచ్చయినప్పుడు గురజాడ దానికి ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. నాటకం చదివినవాళ్లలో కూడా చాలామంది దాన్ని దాటేసి లోపలికి వెళ్లిపోతారు. అందులో ఒక లెక్క ఉంది. అంతకు సుమారు పదేళ్ల ముందు విజయనగరం మహారాజా ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మొత్తం 1,034 తేలాయి. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది నిండినవాళ్లు ముగ్గురు. ఆ చంటిపిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి సంబంధించినవాళ్లకి మనసొప్పదు కాబట్టి ఈ జాబితా పూర్తిది కాదని కూడా గురజాడ అక్కడే చెప్పేశారు.

నేనుండే కూర్మన్నపాలెం ఆ పాత జిల్లాలోదే. ఉద్యోగరీత్యా రోజూ డేటాబేస్‌ల మధ్య తిరిగేవాణ్ని కాబట్టి ఏ లెక్క చూసినా ముందు దాని గడులు చూస్తాను. గురజాడ మనకి చెప్పిన మేరకు ఆ జాబితాలో వయసుకి ఒక గడి ఉంది, ధరకి ఒక గడి ఉంది. పెళ్లయ్యాక ఆ పిల్ల ఏ ఇంట్లో ఎలా బతికింది, ఎవరు ఏం చెయ్యనిచ్చారు, ఏం చెయ్యనివ్వలేదు అన్నదానికి గడి లేదు. ఉండదు కూడా. సంస్కర్తలకి కావలసింది లావాదేవీ. అది ఒక తేదీన జరుగుతుంది, దాన్ని లెక్కపెట్టొచ్చు. కానీ కాపురం ఒక తేదీన జరిగేది కాదు.

ఆ గడిని గురజాడ నాటకంలో నింపారని నాకు అనిపిస్తుంది. మనం ఇవాళ చదివే 1909 కూర్పులో అగ్నిహోత్రావధాన్లు ఇంటిని గిరీశం జోకులు పక్కన పెట్టి ఒకసారి చూడండి. పెద్దకూతురు బుచ్చమ్మని ముసలివాడికి కట్టబెట్టారు, విధవై ఇంట్లో ఉంది. చిన్నది సుబ్బిని లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నారు. తల్లి వెంకమ్మకి ఇష్టం లేదు. ఆవిడ మాటకి ఆ ఇంట్లో విలువ లేదు. చచ్చిపోతానని అనడం తప్ప చేతిలో ఆయుధమూ లేదు. అప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? ఎదురు తిరిగి ఎవరూ ఏమీ సాధించరు. వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లి తప్పించాలని చూస్తాడు. కొడుకు వెంకటేశం చదువు గురించి అబద్ధాలు చెప్తాడు. బుచ్చమ్మ చెప్పకుండా గిరీశంతో వెళ్లిపోతుంది. మనం నవ్వుకునే ప్రతి మోసం వెనకా ఒకటే కారణం ఉంది: ఆ ఇంట్లో నిజం చెప్పి బతికే దారి లేదు. ఇంటిపెద్ద కోపం ఎప్పుడు ఎటు తిరుగుతుందో కనిపెట్టుకుంటూ, దాని చుట్టూ దారులు వెతుక్కోవడమే అందరికీ రోజువారీ పని. నాటకాన్ని వేశ్యావృత్తి, ఇంగ్లీషు చదువు, శుల్కం అని విడగొట్టి చదివిన విమర్శ ఈ ఇంటి గాలిని పెద్దగా పట్టించుకోలేదు. హాస్యం మరీ బాగుండటం దీనికి ఒక కారణం కావచ్చు.

ఈ గాలికి పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 2007లో ఇవాన్ స్టార్క్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ‘కోఎర్సివ్ కంట్రోల్’ అని పుస్తకం రాశాడు. ఆయన వాదన ఇది: ఇంటి హింసని దెబ్బల వరసగా చూస్తే అసలు నేరం కనపడదు. డబ్బు, బట్టలు, నిద్ర, ఫోను, పుట్టింటి రాకపోకలు, ఒక్కొక్కటే ఒకరి అనుమతి కిందకి వెళ్లిపోతాయి. దెబ్బ ఆ నియమాలని గుర్తుచేసే పరికరం. చాలా ఇళ్లలో అది అరుదుగా, చిన్నగానే ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ అవసరం పడదు. అందుకే ఆయన దీన్ని దాడి కంటే బందీగా పట్టుకోవడంతో పోల్చాడు.

తెలుగులో దీనికి మాట లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాట ఉంది, కాకపోతే మెచ్చుకోలు కింద వాడతాం. ‘అదుపాజ్ఞల్లో పెరిగిన పిల్ల.’ ‘పెళ్లాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్నాడు’ అంటే ఆ మగాడు సమర్థుడని. చెప్పుచేతల్లో లేకపోతేనే నలుగురూ మాట్లాడుకుంటారు.

చట్టం సంగతికొస్తే 1983 విచిత్రమైన సంవత్సరం. ఆ జూలైలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు టి. సరిత కేసులో తీర్పు చెప్పింది. సినిమా నటి సరితే. పదహారేళ్ల వయసులో 1975లో పెళ్లయి, కొద్దికాలానికే విడిపోయారు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, ఆవిడ తిరిగి కాపురానికి రావాలని ఆదేశించమంటూ భర్త కడప కోర్టుకి వెళ్లారు. కేసు హైకోర్టుకి వచ్చింది కోర్టు పరిధి గురించిన ప్రశ్నతో. కొట్టడం తిట్టడం గురించి కాదు. కానీ జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. కాపురానికి పొమ్మని డిక్రీ ఇవ్వడం అంటే ఆ స్త్రీ తన శరీరం గురించి, బిడ్డని కనడం గురించి తీసుకోవలసిన నిర్ణయాన్ని రాజ్యం లాక్కోవడమే అన్నది ఆయన తర్కం. ఇష్టం లేని ఇంటికి తిరిగి పంపడమే హింస అని, దెబ్బ ప్రసక్తి లేకుండా, ఒక తెలుగు న్యాయమూర్తి చెప్పారు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దీనికి పూర్తిగా ఎదురు చెప్పింది: ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాన్ల కొట్లోకి ఎద్దుని తోలడం లాంటిదని. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. ఆ సెక్షన్ ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

1983 చివర్లోనే పార్లమెంటు శిక్షాస్మృతిలో 498-ఎ చేర్చింది. వరకట్న చావుల మీద దేశమంతా జరిగిన ఆందోళనల ఫలితం అది. అది వచ్చినందుకు బతికినవాళ్లు ఉన్నారు, అందులో సందేహం లేదు. కానీ దాని గడులు చూడండి. క్రూరత్వం అంటే ఒకటి, ఆమెని ఆత్మహత్యకి పురిగొల్పే, లేదా శరీరానికో మనసుకో తీవ్రమైన హాని చేసే ప్రవర్తన. రెండోది కట్నం కోసం వేధింపు. మళ్లీ లావాదేవీ, మళ్లీ శవం. గురజాడ కాలంలో డబ్బు పిల్ల తండ్రికి వెళ్లేది, ఇప్పుడు మొగుడింటికి వెళ్తోంది. దిశ మారినా డబ్బు గడి మాత్రం అలాగే ఉంది. రోజువారీ ‘ఎక్కడున్నావ్, ఎవరితో మాట్లాడావ్’కి చోటు 2005 గృహహింస చట్టంలో దొరికింది. అది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకొచ్చింది. మాటలతో, మనసుని కుంగదీయడంతో, డబ్బు అందకుండా చెయ్యడంతో జరిగేది కూడా హింసే అని అది రాసింది. అయితే అది ప్రధానంగా సివిల్ చట్టం. ఇంగ్లండు 2015లో చేసినట్టు నియంత్రణనే ఒక విడి నేరంగా మనం ఇంకా రాసుకోలేదు.

చట్టం కంటే కథ ముందు నడిచిన ఉదాహరణ ఒకటుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఒక గృహిణి ఇల్లు అలికీ అలికీ ఒకరోజు తన పేరు మర్చిపోతుంది. ఎవరిని అడిగినా ఫలానావారి భార్య, ఫలానా పిల్లల అమ్మ అంటారు తప్ప పేరు చెప్పలేరు. చివరికి ఒక చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలుస్తుంది. ఆ కథలో ఎవరూ ఎవర్నీ కొట్టరు. భర్త చెడ్డవాడు కూడా కాదు. అందుకే అది నన్ను మామూలు వరకట్న కథలకంటే ఎక్కువ భయపెడుతుంది.

నియంత్రణ ప్రాణం తీసే దాకా ఎలా వెళ్తుంది? మనకి బాగా అలవాటైన కథ ఇది: చిన్న గొడవ, తాగుడు, కోపం, చెయ్యి జారింది. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 2003లో అమెరికాలోని 11 నగరాల్లో భర్తల, ప్రియుల చేతుల్లో చనిపోయిన స్త్రీల కేసులు పరిశీలించి వేరే కథ చెప్పింది. మితిమీరి అదుపు చేసే మగాడి నుంచి, కలిసి ఉన్నాక విడిపోయిన స్త్రీకి హత్య ప్రమాదం తొమ్మిది రెట్లు. అంటే అత్యంత ప్రమాదకరమైన రోజు గొడవ జరిగిన రోజు కాదు, ఆమె గడప దాటిన రోజు. ఆ కొలత అమెరికాది, ఇక్కడికి అంకెతో సహా తేలేం. కానీ మన పెద్దమనుషుల పంచాయితీలు ఏం చేస్తాయో గుర్తుచేసుకోండి. పుట్టింటికి వచ్చేసిన పిల్లని ‘ఈసారికి సర్దుకుపోమ్మా, వాడితో మేం మాట్లాడాం’ అని నలుగురూ కారెక్కించి దిగబెట్టి వస్తారు. రాజీ కుదిరిందని భోంచేసి మరీ వస్తారు. తప్పించుకుందామని చూసిందన్న సంగతి అప్పటికి ఆ మగాడికి తెలిసిపోయింది కదా!

కూర్మన్నపాలెం లాంటి చోట ఈ అదుపుకి ఇప్పుడు పనిముట్లు కూడా మారాయి. స్టీల్‌ప్లాంట్ షిఫ్టులో మొగుడు ఎనిమిది గంటలు ఇంట్లో ఉండడు కాబట్టి ఒకప్పుడు ఆ ఎనిమిది గంటలూ ఇల్లాలివి. పక్కింటి అరుగు మీద గడిచే గంటలవి. ఇప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఉంది. హాల్లో కెమెరా ఉంది, దొంగల భయమని పెట్టింది. ఆమె ఫోన్‌పేలో నలభై రూపాయలకి కొత్తిమీర కొన్నా అతని నంబరుకి మెసేజ్ వెళ్తుంది. ఇవన్నీ మా వృత్తివాళ్లు భద్రత అనీ, ప్రేమ అనీ పేరు పెట్టి తయారుచేసిన ఫీచర్లే. డిజైన్ రివ్యూలో ‘ఈ లొకేషన్ ఎవరు చూస్తున్నారు’ అనే ప్రశ్న ప్రైవసీ పేరుతో వస్తుంది. అక్కడ బయటివాడి గురించి భయపడతారు. ఇంట్లోవాడిని నమ్మదగిన కాంటాక్ట్ అంటారు.

మళ్లీ గడుల దగ్గరికి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రెండో విడత, 1998-99లో, ప్రధానంగా కొట్టడం గురించి అడిగింది. 2005-06 నాటి మూడో విడతలో కొత్త ప్రశ్నలు చేరాయి. వేరే మగాళ్లతో మాట్లాడితే మీ భర్తకి కోపం వస్తుందా? మీరు తప్పు తిరుగుతున్నారని తరచూ అంటాడా? స్నేహితురాళ్లని కలవనివ్వడా? పుట్టింటివాళ్లతో రాకపోకలు తగ్గించాలని చూస్తాడా? ఎప్పుడూ మీరెక్కడున్నారో తనకి తెలియాలంటాడా? డబ్బు విషయంలో మిమ్మల్ని నమ్మడా? ఆనంద గజపతి జాబితా తర్వాత నూట పాతికేళ్లలోపు, సర్కారు పత్రంలో ఆ గడి వచ్చింది. వీటితో బాటు సర్వేవాళ్లకి ఒక నియమం ఉంది. ఇంటికి ఒక్క స్త్రీనే ఈ ప్రశ్నలు అడగాలి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. అత్తగారో భర్తో గదిలోంచి కదలకపోతే ఆ భాగం మొత్తం వదిలేసి, గోప్యత దొరకలేదని గుర్తు పెట్టి, తర్వాతి ఇంటికి వెళ్లాలి.