కెనాన్ ఎం50, ఆర్50: పాత కెమెరా సరిపోతుందా, కొత్తదే కావాలా?

ఇంట్లో నికా, వలీమా, అఖీఖా వచ్చిన ప్రతిసారీ స్టూడియోకి కట్టే డబ్బు చూసి, మనమే ఒక కెమెరా కొనుక్కుంటే పోదా అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. చదువు అయిపోయిన అబ్బాయో, డిగ్రీ చదువుతున్న అమ్మాయో ఫోటోగ్రఫీనే పనిగా మొదలుపెడతామంటే ఈ ఆలోచన ఇంకా గట్టిపడుతుంది. ఆడవాళ్ల వైపు ఫోటోలు ఆడవాళ్లే తీయాలని కోరుకునే ఇళ్లు మనలో తక్కువేం కాదు కాబట్టి, కెమెరా పట్టడం నేర్చుకున్న అమ్మాయికి పని దొరికే అవకాశం బాగానే ఉంది.

మొదటి కెమెరా దగ్గరే చిక్కు వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి దొరికే పాత మోడల్ తీసుకోవాలా, ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టి కొత్తది కొనాలా? మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది రెండు కెనాన్ మోడళ్ల మధ్య. ఒకటి 2018 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈఓఎస్ ఎం50, రెండోది 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈఓఎస్ ఆర్50. పేర్లు దగ్గరగా ఉన్నాయి, బరువు కూడా ఇంచుమించు ఒకటే, రెండూ 400 గ్రాముల లోపే. కానీ లోపల తేడా ఉంది. ఆ తేడా అందరికీ అవసరమైనది మాత్రం కాదు.

ఒక్క చూపులో

సెన్సార్: రెండింటిలోనూ ఏపీఎస్-సీ సైజే. ఎం50లో 24.1 మెగాపిక్సెళ్లు, ఆర్50లో 24.2.
ప్రాసెసర్: ఎం50లో డిజిక్ 8, ఆర్50లో డిజిక్ ఎక్స్.
వరుస ఫోటోలు: ఎం50లో సెకనుకు 10 వరకు, ఫోకస్ మార్చుకుంటూ తీస్తే 7.4. ఆర్50లో 12, ఎలక్ట్రానిక్ షటర్‌తో 15.
4కె వీడియో: ఎం50లో ఫ్రేము బాగా కోసుకుపోతుంది. ఆర్50లో సెన్సార్ పూర్తి వెడల్పుతో వస్తుంది.
లెన్స్ మౌంట్: ఎం50కి ఈఎఫ్-ఎం, ఆర్50కి ఆర్ఎఫ్.
బ్యాటరీ: ఎం50కి ఎల్‌పీ-ఈ12, ఆర్50కి ఎల్‌పీ-ఈ17.
రెండింటిలోనూ ఉన్నవి: పక్కకి తిరిగే టచ్ స్క్రీన్, వ్యూఫైండర్, చిన్న ఫ్లాష్, బయటి మైక్ పెట్టుకునే సాకెట్.
రెండింటిలోనూ లేనిది: బాడీలో స్టెబిలైజేషన్. చేతి వణుకు ఆపాల్సింది లెన్సే.

ఫోటో నాణ్యత: తేడా చిన్నది

పగటి వెలుతురులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ఒకే చోట నిలబడి రెండింటితోనూ ఫోటో తీసి ఆల్బం సైజులో ప్రింట్ వేయిస్తే, ఏది ఏ కెమెరాదో చెప్పడం కష్టం. సెన్సార్ సైజు ఒకటే, మెగాపిక్సెళ్లూ దాదాపు ఒకటే. వెలుతురు తక్కువైనప్పుడు కొత్త ప్రాసెసర్ జేపెగ్ ఫోటోలో గరుకుని కాస్త శుభ్రంగా తీసేస్తుంది. ఐఎస్ఓ కూడా ఎం50లో మామూలుగా 25600 వరకు ఉంటే, ఆర్50లో 32000 వరకు ఉంది. అంతకు మించి ఇక్కడ ఆశించాల్సింది లేదు.

బాడీతో వచ్చే కిట్ లెన్స్ విషయంలో మాత్రం పాతదే నయం. ఎం50తో వచ్చేది 15-45 ఎంఎం లెన్స్, ఎఫ్/3.5 నుంచి మొదలవుతుంది. ఆర్50తో వచ్చేది 18-45 ఎంఎం, ఎఫ్/4.5 నుంచి మొదలు. అంటే పాత లెన్స్ ఎక్కువ వెడల్పు చూపిస్తుంది, ఆ వెడల్పు దగ్గర ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. ఇరుకు గదిలో గోడకి వీపు ఆనించి పదిహేను మందిని ఒకే ఫ్రేములో పెట్టాల్సి వచ్చినప్పుడు 15కి, 18కి ఉన్న తేడా బాగా తెలుస్తుంది. ఆర్50 కొన్నవాళ్లకి ఆ పని కోసం ఇంకో వెడల్పు లెన్స్ కొనాల్సి రావచ్చు.

ఫోకస్: కొత్తది చాలా ముందుంది

ఎం50 ముఖాన్ని బాగానే పట్టుకుంటుంది. కంటిని గుర్తించి ఫోకస్ చేసే సౌకర్యం మాత్రం మనిషి కదలకుండా ఉన్నప్పుడు వాడే వన్-షాట్ పద్ధతిలోనే పనిచేస్తుంది. ఆర్50లో కదిలే మనిషి కంటిని కూడా వెంబడిస్తుంది. ముఖం పక్కకి తిరిగితే తలని, అదీ కనబడకపోతే శరీరాన్ని పట్టుకుని ఉంటుంది. జంతువులు, వాహనాలు కూడా గుర్తుపడుతుంది. ఈద్ రోజు పరిగెత్తే పిల్లల్ని తీయడానికి, బరాత్ నడుస్తుంటే వెనక్కి నడుస్తూ తీయడానికి ఇది చాలా పెద్ద సాయం.

ఒక్క చోట మాత్రం ఏ కెమెరానైనా నమ్మేయకూడదు. పెళ్లికొడుకు ముఖం మీద సెహ్రా ఉన్నప్పుడు, కెమెరా కళ్లని వదిలేసి ముందు వేలాడే పూల మీద ఫోకస్ చేసే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ఆటోమేటిక్ పద్ధతి ఆపేసి, చిన్న ఫోకస్ పాయింట్ ఒకటే పెట్టుకుని కంటి మీద ఉంచాలి. స్క్రీన్ మీద ఫోటోని పెద్దది చేసి చూసుకున్నాకే ముందుకి వెళ్లాలి.

వీడియో: అసలు తేడా ఇక్కడే

ఎం50 పెట్టె మీద 4కె అని ఉంటుంది. కానీ ఆ 4కె తీసేటప్పుడు ఫ్రేము ఇంకో 1.6 రెట్లు కోసుకుపోతుంది. వెడల్పు లెన్స్ పెట్టినా జూమ్ చేసినట్టు కనిపిస్తుంది. పైగా వేగంగా పనిచేసే డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ 4కెలో పనిచేయదు, ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. ఒక్కో క్లిప్ 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతుంది. అందుకే ఎం50ని ఫుల్ హెచ్‌డీ కెమెరాగా లెక్కపెట్టుకోవడమే మంచిది. ఫుల్ హెచ్‌డీలో అది ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

ఆర్50లో 4కె సెకనుకు 30 ఫ్రేముల వరకు, కోత లేకుండా, పూర్తి ఫోకస్ సౌకర్యంతో వస్తుంది. ఒకే క్లిప్ సుమారు గంట వరకు నడుస్తుంది. నికా ఖుత్బా, ఈజాబ్-ఖుబూల్ మధ్యలో రికార్డింగ్ ఆగిపోతుందేమోనన్న భయం తగ్గుతుంది. స్లో మోషన్ కోసం ఫుల్ హెచ్‌డీలో 120 ఫ్రేములు ఉన్నాయి. ఎం50లో 120 ఫ్రేములు కావాలంటే 720కి దిగాలి.

ఏ కెమెరా అయినా మన దేశంలో వీడియో తీసేటప్పుడు మెనూలో పాల్ పద్ధతి ఎంచుకుని 25 లేదా 50 ఫ్రేములు, షటర్ 1/50 లేదా 1/100 పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, వేరేలా పెడితే ఫంక్షన్ హాల్ లైట్లు వీడియోలో మిణుకుమంటాయి. ఆర్50లో ఎలక్ట్రానిక్ షటర్‌తో చప్పుడు లేకుండా ఫోటోలు తీయొచ్చు, మస్జిద్‌లో నికా జరుగుతున్నప్పుడు అది మర్యాదగా ఉంటుంది. అయితే ఆ పద్ధతిలో ఫ్లాష్ వెలగదు, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోలో చారలు పడతాయి. ముందురోజే హాల్‌కి వెళ్లి ఒకసారి తీసి చూసుకోవాలి.

లెన్స్ మౌంట్: ఐదేళ్ల తర్వాతి సంగతి

కెనాన్ 2012లో మొదలుపెట్టిన ఈఎఫ్-ఎం వరుసకి తాను తయారుచేసిన లెన్సులు మొత్తం ఎనిమిదే. 2022లో ఆర్7, ఆర్10 మోడళ్లతో ఏపీఎస్-సీ కెమెరాలని కూడా ఆర్ఎఫ్ మౌంట్‌కి మార్చేసింది, ఆ తర్వాత ఎం వరుస ఆగిపోయింది. ఈఎఫ్-ఎం లెన్సు ఆర్50కి బిగదు, కెనాన్ దానికి అడాప్టర్ కూడా తయారుచేయలేదు. ఈరోజు ఎం50 కోసం కొన్న లెన్సులు రేపు పెద్ద కెమెరాకి మారినప్పుడు పనికిరావన్నమాట.

ఆర్50 కోసం కొన్న ఆర్ఎఫ్ లెన్సులు మాత్రం రేపు కెనాన్ ఫుల్‌ఫ్రేమ్ ఆర్ కెమెరా కొన్నా దానికీ బిగుస్తాయి. 2024 నుంచి సిగ్మా, టామ్రాన్ కంపెనీలు కూడా ఈ మౌంట్‌కి ఏపీఎస్-సీ లెన్సులు ఇస్తున్నాయి.

ఇంట్లోనో, చుట్టాల స్టూడియోలోనో పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు ఉంటే లెక్క మారుతుంది. ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు రెండు కెమెరాలకీ పనిచేస్తాయి, ఎవరి అడాప్టర్ వాళ్లకి వేరు. లెన్సుల మీద పెట్టే డబ్బు ఇలాంటి వాటి మీద పెడితే ఎం50 కొన్నా నష్టపోయేది తక్కువ.

ఫ్లాష్: చాలామంది చూసుకోని సంగతి

ఎం50 మీద ఉన్నది మామూలు హాట్ షూ. పాత కెనాన్ ఫ్లాష్ గానీ, తక్కువ ధరకి దొరికే వేరే కంపెనీ ఫ్లాష్, ట్రిగ్గర్ గానీ నేరుగా పెట్టుకోవచ్చు. ఆర్50లో ఆ పాత పిన్నులు లేవు. కొత్త రకం మల్టీ-ఫంక్షన్ షూ ఉంది. పాత ఫ్లాష్ పనిచేయాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. ఇంట్లో ఉన్న ఫ్లాష్‌తోనే పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఈ ఖర్చు కూడా కలుపుకోవాలి.

పేర్లతో మోసపోవద్దు

2020లో వచ్చిన ఎం50 మార్క్ 2 వేరే మోడల్. అందులో కంటి ఫోకస్ మెరుగైంది, వీడియోలోనూ పనిచేస్తుంది. మౌంట్, 4కె కోత మాత్రం పాతవే. ఇక 2023లోనే వచ్చిన ఆర్100 పేరుకి కొత్తది, ధరలో ఆర్50 కంటే తక్కువ. కానీ దాని ప్రాసెసర్ ఎం50లో ఉన్న డిజిక్ 8, 4కెలో అదే కోత. స్క్రీన్ తిరగదు, టచ్ కూడా లేదు. కొత్త మౌంట్ ఒక్కటే దాని లాభం.

సెకండ్‌హ్యాండ్ కొనే ముందు

డెల్టా గాలిలో తేమ ఎక్కువ, బందరు వైపు ఉప్పుగాలి కూడా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడలో సింగ్ నగర్ సహా చాలా కాలనీలు మునిగాయి. నీళ్లు తగిలిన ఎలక్ట్రానిక్ సామాను పైకి శుభ్రంగానే కనిపించొచ్చు. అందుకే ఇవి తప్పకుండా చూడాలి:

లెన్స్ విప్పి ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడాలి. లోపల సాలెగూడు లాంటి గీతలు ఉంటే అది ఫంగస్, ఆ లెన్స్ వద్దు.
మౌంట్ చుట్టూ స్క్రూలు, ఫ్లాష్ పెట్టే చోటు, ట్రైపాడ్ బిగించే రంధ్రం, బ్యాటరీ గదిలో తుప్పు, పచ్చటి మరక ఉందేమో చూడాలి.
కెమెరా ఆన్‌లో ఉంచి స్క్రీన్‌ని అన్నివైపులా తిప్పాలి. బొమ్మ మిణుకుమంటే లోపలి కేబుల్ దెబ్బతిన్నట్టు.
ఎఫ్/16 పెట్టి తెల్ల గోడని తీసి, పెద్దది చేసి చూడాలి. మచ్చలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు. గీతలైతే కొనకూడదు.
మైక్ పెట్టి ఒక నిమిషం రికార్డు చేసి వినాలి.
బిల్లు మీద సీరియల్ నంబరు, కెమెరా కింద నంబరు ఒకటేనా కాదా చూడాలి. బిల్లు లేకపోతే దొంగసొత్తు చిక్కు మెడకి చుట్టుకోవచ్చు.

అమ్మేటప్పుడూ ఒక జాగ్రత్త. మెమరీ కార్డుతో కలిపి కెమెరా ఇవ్వొద్దు. డిలీట్ చేసిన ఫోటోలని సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ బయటికి తీయొచ్చు. ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు ఉన్న కార్డు ఇంట్లోనే ఉండాలి.

డబ్బు సంగతి

బాడీ ధర ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. రెండో బ్యాటరీ, మంచి కార్డు, ఫ్లాష్ లేదా లైటు, మైక్, తేమ తగలకుండా సిలికా జెల్ వేసిన గాలి దూరని డబ్బా, ఇవన్నీ కలిపాకే అసలు ధర తేలుతుంది. ఎం50 బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం ఒక ఛార్జికి 235 ఫోటోలే, వలీమాకి మూడు బ్యాటరీలైనా కావాలి. ఆర్50ని యూఎస్‌బీ-సీ ద్వారా కెమెరాలోనే ఛార్జి చేసుకోవచ్చు, ఎల్‌పీ-ఈ17 బ్యాటరీ 200డీ లాంటి మోడళ్లలోనూ వాడేది కాబట్టి దొరకడం తేలిక.

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు "నో-కాస్ట్ ఈఎంఐ" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. క్రెడిట్ కార్డు మీద ఇచ్చే ఈ పథకాల్లో చాలావాటిలో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు విడిగా పడతాయి. షాపులో సంతకం పెట్టే ముందు కాగితం మీద వడ్డీ గడి చదవాలి, అనుమానం ఉంటే తెలిసిన ఆలిమ్‌ని అడగాలి. చేతిలో ఉన్న డబ్బుతో మంచి స్థితిలో ఉన్న ఎం50 తీసుకుని, దాని సంపాదనతో తర్వాత మారడం కూడా ఒక దారి.

ఎవరికి ఏది

ఇంటి ఫోటోలు, ఈద్, పిల్లలు, ప్రయాణాలు మాత్రమే అయితే ఎం50 చాలు. మార్క్ 2 దొరికితే ఇంకా మంచిది.

పెడన కలంకారీ గుడ్డలు, బందరు చిలకలపూడి గిల్టు నగలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి కూడా ఎం50 సరిపోతుంది. నగలకైతే ముందుభాగంలోనే చిన్న లైట్లున్న ఈఎఫ్-ఎం 28 ఎంఎం మాక్రో లెన్స్ బాగా పనికొస్తుంది.

నికా ఫోటోలు ఫ్లాష్ వేసి తీసి, వీడియో ఇంకొకరికి వదిలేసేవాళ్లు ఎం50తో పని మొదలుపెట్టొచ్చు. లెన్సులు మాత్రం ఈఎఫ్ రకంవే కొనాలి.

వీడియో తీసి సంపాదించాలనుకునేవాళ్లకి, ఒంటరిగా ఆడవాళ్ల వైపు ఫోటో, వీడియో రెండూ చూసుకోవాల్సిన అమ్మాయికి ఆర్50యే సరైనది. పక్కన సాయం చేసేవాళ్లు లేనప్పుడు ఫోకస్ పని కెమెరానే చూసుకోవాలి. అలాంటివాళ్లు తొందరపడి పాతది కొని ఏడాదిలో లెన్సులతో సహా అమ్ముకునే కంటే, ఇంకొన్ని నెలలు కూడబెట్టి ఒకేసారి కొనడం మేలు.